తబిత బొమముడి

బెంగాలీవాళ్ళ ఊళ్ళో ఉన్న మా రైల్వే ట్రాఫిక్ కాలనీలో తబిత తెలియని తెలుగువాళ్ళు తక్కువ. తెలిసినవాళ్ళలో ఆవిడతో కబుర్లు పెట్టుకునేవాళ్ళు ఇంకా తక్కువ. కారణం ఆవిడ మొహం. రెండు కనుబొమల మధ్య చర్మం దగ్గరికి పోగై, నిలువుగా రెండు గీతలు పడి, ఎవరినో తిట్టబోతున్నట్టు ఉంటుంది. సైకిల్ తొక్కుతున్నా అంతే, చర్చిలో పాట పాడుతున్నా అంతే. కూరగాయలమ్మే అతను తూకం వేస్తూ తలెత్తి చూసి, "దీదీ, రాగ్ కొరేఛేన్ నాకి?" అనేవాడు. కోపం వచ్చిందా అని. అని, ఎందుకైనా మంచిదని గుప్పెడు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసేవాడు. ఆవిడకి ఆ వేళ ఎవరి మీదా కోపం ఉండేది కాదు.

నేను వాళ్ళకి రెండు క్వార్టర్ల అవతల ఉంటాను. ఆదివారం చర్చిలో ఒకే బెంచీ మాది. ఈ సంగతంతా ఆవిడ నాకు విడతలు విడతలుగా చెప్పింది.

తబితకి యాభై రెండేళ్ళు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి పోయాడు. భర్త విల్‌ఫ్రెడ్ పెళ్ళైన ఆరో ఏడు కామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. అప్పట్నుంచి తమ్ముడు ఏబెల్ క్వార్టర్లోనే ఉంటోంది. ఏబెల్ వర్క్‌షాపులో ఉద్యోగి, భార్య లేదు. రెండేళ్ళ కిందట ఒక ఉదయం పళ్ళు తోముకుంటూ బ్రష్షు చేతిలోంచి జారి, దాని వెనకే తనూ కూలబడ్డాడు. ప్రాణం దక్కింది. కాలు మెల్లిగా తిరిగి వచ్చింది. ఎడమ చెయ్యి రాలేదు.

దాంతో తబిత రోజు ఎలా మారిందంటే, పొద్దున్నే నీళ్ళు పట్టడం, అన్నం వార్చడం, ఏబెల్‌కి స్నానం, చొక్కా గుండీలు, చేతికి నూనె మర్దనా. తొమ్మిదింటికి సైకిలెక్కి ఝపటాపూర్. అక్కడ ఒక రక్తపరీక్షల సెంటర్లో ముందు కౌంటరు ఆవిడది. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవాలి, టోకెన్లు ఇవ్వాలి, సాయంత్రం రిపోర్టు కవర్లు పేరు పిలిచి అందించాలి. పదిహేడేళ్ళుగా అదే కుర్చీ. ఎదురుగా గాజు తలుపు. మధ్యాహ్నం మూడు దాటితే ఎండ తిన్నగా కళ్ళలోకి వస్తుంది. కవర్ల మీద పేర్లు చీమల్లా ఉంటాయి. కళ్ళద్దాలు కావాలని ఆవిడకి ఐదేళ్ళుగా తెలుసు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఒక పూట కావాలి. ఆ పూట దొరకలేదు.

దుర్గాపూజ ఇంకా పద్ధెనిమిది రోజులుందనగా, ఒక సోమవారం సెంటరు యజమాని ఘోష్ బాబు ఆవిణ్ణి లోపలికి పిలిచాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డ మాట చెప్పాల్సి వస్తే బల్ల మీద పెన్నులు సర్దుకుంటూ చెప్పేరకం. కౌంటరు పక్కన సలహాల పెట్టె ఉంటుంది. అందులో ఎవరో వేసిన ఉత్తరం ఆయన చేతిలో ఉంది. రెండు కాగితాలు, బెంగాలీలో, ముత్యాల్లాంటి చేతిరాత.

"నీ మీద ఫిర్యాదు వచ్చింది తబితా దీ" అన్నాడు బెంగాలీలో. "నువ్వు పేషెంటు వైపు భ్రుకుటి చేశావట."

తబిత బెంగాలీ గడగడా మాట్లాడుతుంది. చదవడం మాత్రం రాదు. తెలుగు స్కూల్లో చదువుకుంది. ఈ మాట బజారు బెంగాలీలో ఎప్పుడూ వినలేదు.

"అంటే ఏం చేశాను దాదా?"

ఘోష్ బాబు తన కనుబొమలు ముడిచి చూపించాడు. "ఇలాగ. కోపంగా. జబ్బు మనుషులు కదా, వాళ్ళ మనసు కష్టపడుతుంది. పూజ అయ్యేదాకా నువ్వు వెనక గదిలో కూర్చో. ట్యూబుల మీద లేబుళ్ళు అంటించు. ముందు ఏంజెలా కూర్చుంటుంది."

ఏంజెలా ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కొత్తగా చేరింది. నవ్వు మొహం. తబిత వాదించలేదు. వాదించడానికి ముందు ఊపిరి పీల్చుకోవాలి కదా, అంత ఓపిక కూడా లేకపోయిందట. "ఆ ఉత్తరం నాకిస్తారా?" అని మాత్రం అడిగింది. ఆయన తీసుకోమన్నాడు. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక నాతో ఇంటికి రాలేదు. సైకిల్ ఓల్డ్ సెటిల్‌మెంట్ వైపు తిప్పింది. అక్కడ త్యాగరాజు మాస్టారు ఉంటారు. మా తరానికి తెలుగు చెప్పిన మనిషి. ఆయన కొడుకు రైల్వేలోనే, ఆ క్వార్టర్లోనే మాస్టారూ, భార్య శ్రీవిద్య గారూ. ఇప్పుడాయనకి డెబ్భై ఎనిమిది. ఒక కంటికి శుక్లాలు, రెండో కంటికి చుక్కలు. తలుపు దగ్గర నిలబడ్డ మనిషిని గొంతుతో పోల్చుకున్నారు.

"ఫిట్టరు గారి తబితవి కదూ! రా, కూర్చో. ఏటమ్మా, ఇన్నాళ్ళకి?"

"మాస్టారూ, భ్రుకుటి అంటే ఏటండి?"

మాస్టారు టీ కప్పు కింద పెట్టారు. అలాంటి ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగి చాలా ఏళ్ళయినట్టుంది, వెన్ను నిటారుగా చేసుకున్నారు.

"సంస్కృతం మాట. భ్రూ అంటే కనుబొమ. కుటి అంటే వంకర పోవడం. తెలుగులో ఇంకా అందంగా ఉంటాది, బొమముడి అని. బొమలు రెండూ ముడిపడ్డం. కోపంతో నొసలు చిట్లించి చూడ్డం. ఎక్కడ తగిలింది నీకు?"

తబిత చెప్పింది. ఆయన సగం విని, మిగతా సగం ఆ మాట వెంట వెళ్ళిపోయారు.

"ఊరికే వచ్చే మాట కాదమ్మా అది. కావ్యంలో రాజు బొమ ముడిచేడంటే అవతల ఓ రాజ్యం పోయిందన్నమాటే. కత్తి తియ్యక్కర్లేదు, సేనాపతికి చెప్పక్కర్లేదు. సభలో సామంతులందరూ ఆ నుదురు వైపే చూస్తుంటారు. యుద్ధానికి ముందు వీరుడి మొహాన అదే. అలిగిన నాయిక మొహాన అదే, అది చూస్తే నాయకుడికి కాళ్ళు చేతులు ఆడవు. రౌద్రరసానికి గుర్తులు చెప్పమంటే ఎర్రబడ్డ కళ్ళు, అదిరే పెదవి, బొమముడి. అంత పెద్దమాట వాడినాడా నీ మీద ఆ ఉత్తరం రాసినవాడు!"

"అందరూ కోపంతోనేనేటి?"

"కోపంతోనే."

"అలిసిపోయి ముడిసినోలు లేరా మాస్టారూ?"

ఆయన చాలాసేపు ఆలోచించారట. ఆ ఆలోచించడం చూసి తబితకి, ఎందుకడిగానా అనిపించింది.

"నేను చదివినంతలో లేరమ్మా. కావ్యంలో అలిసిపోయినవాళ్ళకి చెమట పడుతుంది, ఊపిరి బరువవుతుంది, కళ్ళు వాలిపోతాయి. బొమ మాత్రం ముడిపడదు."

బిస్కెట్ల పళ్ళెం తెస్తున్న శ్రీవిద్య గారు గుమ్మంలో ఆగి, "వాళ్ళెవరూ పొద్దున్న లేచి కుళాయి దగ్గర నిలబడలేదు, అందుకు" అన్నారు.

మాస్టారు నవ్వి, తబిత వైపు వంగి, "ముడి అన్నాక విప్పుకోవచ్చు కదా తల్లీ" అన్నారు.

"సేత్తో ఏసిన ముడైతే ఇప్పేసుకుందునండి" అంది తబిత.

తిరిగి వస్తూ దారంతా ఒకటే లెక్క వేసుకుందట. పద్యాల్లో వాళ్ళందరికీ కోపగించుకోడానికి ఎవరో ఒకరున్నారు, మరి నాకెవరున్నారు అని. ఏబెల్ మీద కోపమా? వాడేం చేశాడు పాపం. ఘోష్ బాబు మీదా? లేదు. వెతగ్గా వెతగ్గా ఒకరిద్దరు దొరికారు గానీ, వాళ్ళు పోయి చాలాకాలం అయింది.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడింది. వేళ్ళతో నుదురు రెండు పక్కలకీ లాగింది. వదిలేస్తే మళ్ళీ దగ్గరికి వచ్చేసింది. పోనీ నవ్వి చూద్దామని పళ్ళు కనబడేలా నవ్వింది. బొమలు ముడిపడే ఉన్నాయి, కింద నోరు మాత్రం నవ్వుతోంది. మంచం మీంచి ఏబెల్ అక్కని చూశాడు.

"అప్పా, అలా నవ్వకే. భయమేస్తున్నాది."

అద్దం దగ్గర్నుంచి వచ్చేసి బియ్యం కడిగింది.

వెనక గది తబితకి బాగానే ఉంది నిజానికి. కిటికీ లేదు, ఎండ లేదు, మొహం చూసేవాళ్ళు లేరు. అక్కడ రక్తం ట్యూబులు యంత్రంలో పెట్టే టెక్నీషియను బిశ్వజిత్ ఒక్కడే తోడు. నలభై ఏళ్ళవాడు, బెంగాలీ. టీ తాగుతూ పేపరు పైకి చదవడం అలవాటు. బుధవారం మధ్యాహ్నం మొదటి పేజీ విప్పి పెద్ద అక్షరాలు చదివాడు.

"పూజోయ్ బ్రిష్టిర్ భ్రుకుటి."

తబిత చేతిలో లేబులు అడ్డంగా అంటుకుపోయింది. "ఏమన్నావు?"

"పూజ రోజుల్లో వాన భ్రుకుటి అని."

"వానకి కోపం వచ్చిందా?"

బిశ్వజిత్ పకపకా నవ్వాడు. "కోపం కాదు దీదీ. పేపరు భాష. సముద్రంలో అల్పపీడనం ఉంది, పూజ పాడు చేసేలా ఉంది అని. చెడ్డది ఏదో ముందు నిలబడి మన వైపు చూస్తోంటే భ్రుకుటి అంటారు. కరువు భ్రుకుటి, తుఫాను భ్రుకుటి. మా బళ్ళో వ్యాసాల్లో తెగ రాసేవాళ్ళం."

తబిత లేచి వెళ్ళి హ్యాండ్‌బ్యాగు తెచ్చుకుంది. ఉత్తరం తీసి అతని ముందు పెట్టింది. "ఇది మొత్తం చదువు. ఒక్క మాట కూడా వదలకు."

అతను చదివాడు. చదివేకొద్దీ గొంతు నెమ్మదించింది. ఉత్తరం రాసింది ప్రతిమా సర్కార్ అనే ఆవిడ, అరవై ఆరేళ్ళు, ఉండేది ఝపటాపూర్‌లోనే. రిపోర్టు కోసం వచ్చాననీ, కౌంటరు దగ్గరి దీదీ కవరు చేతిలోకి తీసుకుని చూసిందనీ, ఆ క్షణంలో ఆమె నుదుటి మీద తనకి మృత్యువు భ్రుకుటి కనిపించిందనీ రాసింది. ఇంటికి వెళ్ళి కవరు విప్పలేకపోయింది. డాక్టరు అపాయింట్‌మెంటు రెండు రోజుల తరవాత. ఆ రెండు రోజులూ అన్నం తినలేదు. చివరికి డాక్టరు విప్పి చూసి, ఏమీ లేదమ్మా, అంతా బాగుంది అన్నాడు. అందుకని ఆవిడ విన్నపం ఒక్కటే. రిపోర్టులు రోగి కంటే ముందు ఎవరూ చూడకుండా కవర్లు అంటించి ఇవ్వండి. ఆ దీదీని ఏమీ అనవద్దు, ఆమెది జాలిపడే మనసై ఉంటుంది.

"కోపం అని ఎక్కడుంది?" అంది తబిత.

బిశ్వజిత్ మళ్ళీ పై నుంచి కిందికి వేలు పెట్టి వెతికాడు. "ఎక్కడా లేదు. ఘోష్ దా ఆ మాట దగ్గరే ఆగిపోయి ఉంటాడు."

తబితకి ఆశ్చర్యం వేసింది, తరవాత భయం వేసింది. నిందైతే మోసేయొచ్చు, అలవాటే. ఒక ముసలావిడ రెండు రోజులు తన మొహం తలుచుకుని అన్నం మానేసిందంటే అది వేరే సంగతి. పదిహేడేళ్ళలో ఇలా ఎంతమంది వెళ్ళి ఉంటారో, వాళ్ళంతా ఉత్తరాలు రాయలేదు కదా అని కూడా తోచిందట.

మర్నాడు ఆవిడ ఇంటికి వెళ్ళిరావడానికి భోజనం వేళ కాస్త ఎక్కువ అడుగుదామనుకుంది. అడగలేక, శనివారం సెంటరు మూడింటికే మూసేదాకా ఆగింది. ఉత్తరం కింద నుంచి బిశ్వజిత్ చదివి చెప్పిన చిరునామా పట్టుకుని వెళ్ళింది. సందులో మూడో ఇల్లు, కింది వాటా. తలుపు తీసిన ఆవిడ తెల్లచీర, బక్కపలచని మనిషి. తబితని చూడగానే గోడ పట్టుకుంది.

"నా రిపోర్టు తప్పా? మళ్ళీ చూశారా?"

"లేదు, లేదు" అంది తబిత కంగారుగా, బెంగాలీలో పిన్నీ అని పిలుస్తూ. "రిపోర్టు బాగానే ఉంది మాషీమా. నేను మీ ఉత్తరం గురించి వచ్చాను."

లోపల కూర్చోబెట్టింది. గోడ మీద ఒక ఫొటో, దండ. చెల్లెలట. నాలుగేళ్ళ కిందట ఇలాంటి కవరే ఒకటి తెచ్చుకున్న ఏడాది లోపల పోయింది. ఆ కవరు ఇచ్చిన కుర్రాడు కూడా ముందు మొహం ముడిచి, తరవాత చూపు తిప్పేసుకున్నాడని ప్రతిమా దేవి చెప్పింది. అందుకే కవర్లు ఇచ్చేవాళ్ళ మొహాలు చూడ్డం అలవాటైపోయింది.

"నేను మీ రిపోర్టు చూడలేదు" అంది తబిత. "చూసినా నాకు అర్థం కాదు. పైన మీ పేరు చదువుతున్నాను, అంతే. నాకు చిన్న అక్షరాలు ఆనవు."

"పేరా?"

"పేరు. సర్కార్ అనా, సాహా అనా అని."

ప్రతిమా దేవి నమ్మాలో లేదో తెలియనట్టు చూసింది. బల్ల మీద మందుల సీసా తీసి చేతికిచ్చింది. "ఇది చదవండి."

తబిత సీసాని దూరంగా పెట్టింది, దగ్గరగా పెట్టింది. మీద ఇంగ్లీషు అక్షరాలు. నుదురు పూర్తిగా ముడుచుకుపోయింది. అది చూస్తూ చూస్తూ ప్రతిమా దేవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తబితకి తెలియలేదు. కొంతసేపటికి, "ఇదా! ఇదేనా!" అంది. "దీని కోసమా నేను వీలునామా రాయడానికి కాగితం తెచ్చుకున్నాను!"

"క్షమించండి మాషీమా."

"నువ్వెందుకు తల్లీ క్షమించమంటావు. నన్ననాలి. నా వల్ల నీకేమైనా ఇబ్బంది అయిందా?"

వెనక గది సంగతి తబిత చెప్పలేదు. ప్రతిమా దేవి టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. స్టవ్ మీద నీళ్ళు మరిగే చప్పుడు, పైన తిరుగుతున్న ఫ్యాను, చేతులున్న కుర్చీ. ఆ వేళ తబితని ఎవరూ ఏమీ చెయ్యమని అడగడం లేదు. ఎన్ని నెలలైందో అలా కూర్చుని. కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.

కళ్ళు తెరిచేసరికి అరగంట దాటింది. టీ మీద మూత పెట్టి ఉంది. ఎదురు కుర్చీలో ప్రతిమా దేవి కదలకుండా కూర్చుని ఉంది.

తబిత సిగ్గుతో లేవబోయింది. "ఫర్వాలేదు, కూర్చో" అంది ఆవిడ. నెమ్మదిగా, "నిద్రలో కూడా నీ నుదురు అలాగే ఉంది" అంది.

అప్పటిదాకా తబిత ఏడవలేదట. అక్కడ, పరాయి ఇంట్లో, చల్లారిన టీ తాగుతూ ఏడ్చింది. ప్రతిమా దేవి ఓదార్చలేదు. మళ్ళీ టీ వేడి చేసి తెచ్చింది.

సోమవారం ఘోష్ బాబుకి ఆవిడ నుంచి ఫోను వచ్చింది. ఏం మాట్లాడిందో తెలియదు గానీ, ఆయన వెనక గదిలోకి వచ్చి పెన్నులు లేక చేతులు సర్దుకుంటూ, "తబితా దీ, నేను ఉత్తరం సరిగా చదవలేదు" అన్నాడు. మళ్ళీ ముందు కూర్చోమన్నాడు. కూర్చుంటాను గానీ తనకి రెండు పూటలు సెలవు కావాలని తబిత అడిగింది. ఒకటి కంటి డాక్టరుకి. ఇంకొకటి ఎందుకో తనకీ తెలియదట, నోటికి రెండని వచ్చేసింది. ఆయన ఇచ్చాడు. కవర్లు కూడా అప్పట్నుంచి అంటించే ఇస్తున్నారు.

పూజ సెలవుల్లో మాస్టారి దగ్గరికి వెళ్ళి వాన భ్రుకుటి సంగతి చెప్పింది. మాస్టారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని విన్నారు. "అరవై ఏళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాను. పక్కింటివాళ్ళు ఆ మాటని వానకి కడతారని నాకు తెలీదు" అన్నారు. "మన రాజులు పోయినారు, వాళ్ళ బొమముడి వాళ్ళతోనే పోయింది. ఇక్కడ వానకీ కరువుకీ ఇచ్చినారన్నమాట. బాగుంది." తరవాత, "నీ బొమముడికి కూడా ఓ అర్థం రాసి ఉంచవలసిందే. ఏం రాయమంటావు?" అని అడిగారు. "నాకేటి తెలుసండి, మీరే రాయండి" అందట తబిత. ఆయన రాశారో లేదో నాకు తెలియదు.

కళ్ళద్దాలు వచ్చాయి. నల్ల ఫ్రేము. పేర్లు ఇప్పుడు తడుముకోకుండా చదువుతుంది. ముడి పోలేదు. కంటి డాక్టరు, ఇన్నేళ్ళ ముడత ఇక పోదు అన్నాడు.

అందుకని కవరు చేతికిచ్చే ముందు ఒక మాట చెప్పడం మొదలుపెట్టింది. "నేను ఇది చూడలేదు. నా మొహమే ఇంత. చూసి భయపడకండి." బెంగాలీవాళ్ళకి బెంగాలీలో, హిందీవాళ్ళకి హిందీలో, మనవాళ్ళకి తెలుగులో. మొదట్లో జనం వింతగా చూశారు. ఇప్పుడు కొందరు నవ్వుతారు, కొందరు గట్టిగా ఊపిరి వదులుతారు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నలభై యాభై సార్లు చెప్పాలి. ఇంటికి వచ్చేసరికి దవడలు లాగుతాయంటుంది.

"మానేయొచ్చు కదా, కవర్లు అంటించేస్తున్నారుగా" అన్నాను మొన్న, చర్చి నుంచి నడిచి వస్తూ.

"మానేద్దామనే అనుకుంతన్నాను" అంది. "ఎవులో ఒక్కలు నా మొకంకేసి అలా సూస్తారు. ఇంక సెప్పకుండా ఎలాగుంతాను?"

సైకిలు నెట్టుకుంటూ క్వార్టరు వైపు తిరిగింది. ఏబెల్ వాకిట్లో కుర్చీ వేసుకుని, కుడి చేత్తో చొక్కా కింది గుండీ పెట్టుకోడానికి తంటాలు పడుతున్నాడు. తబిత సైకిలు గోడకి ఆనించి, వెళ్ళి ఆ గుండీ పెట్టింది.